ఏసీ ఆఖరున కొనండి: ట్రాలీ గదికి ముందు నీడ, తర్వాత ఎర్త్



పైన వీడియోలో మా మామిడి తోటలో నిలబెట్టిన ట్రాలీ గదిని చూశారు కదా. పన్నెండు అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు. ట్రాక్టర్‌కు తగిలిస్తే ఏ తోటకైనా వస్తుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా, కాయ కాపలా ఉన్నన్ని రోజులు, మా ఇంటిల్లిపాదీ పడుకునేది అందులోనే. సీజన్ అయిపోయాక తోట చూడటానికి వచ్చే రైతులకు అదే విడిది. ఈ గది గురించి నాకు వచ్చే ఫోన్లలో పదికి ఎనిమిదింట్లో మొదటి ప్రశ్న ఒకటే: "అన్నా, ఏసీ ఎన్ని టన్నులది పెట్టినవ్?"

చెప్తాను. కానీ అది ఆఖరున అడగాల్సిన ప్రశ్న. ఆ ప్రశ్నను నేను మొదట అడిగాను కాబట్టే రెండేళ్ల కింద మా నాన్న ప్రాణం మీదికి వచ్చింది. అందుకే ఇదంతా రాస్తున్నా. నేను అగ్రికల్చర్ డిప్లొమా చదివినవాణ్ని, ఎలక్ట్రీషియన్ను కాదు. ఇక్కడ రాసింది చదివి మీరే స్క్రూ డ్రైవర్ పట్టుకోకండి. లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలిచినప్పుడు ఏం అడగాలో తెలుసుకోవడానికి చదవండి.

నేను చేసిన తప్పు

అప్పుడు గది ఒట్టి రేకు డబ్బా. మే నెలలో మంచిర్యాల ఎండ సంగతి మీకు తెలిసిందే, 45 డిగ్రీలు దాటడం మనకు కొత్త కాదు. రేకు మీద చెయ్యి పెట్టలేకపోయేవాళ్లం. పాప చిన్నది, నిద్ర లేక ఏడ్చేది. అట్ల కాదని ఒక పాత టన్నున్నర ఏసీ కొని వెనక గోడకు బిగించాను.

కరెంటు? బోరు స్టార్టర్ డబ్బా నుంచి ఒక ఫేజ్ తీసుకున్నా. అక్కడ న్యూట్రల్ లేదు. ఊర్లలో చాలామంది చేసే పనే చేశాను, భూమిలో ఒక రాడ్ దిగ్గొట్టి దాన్నే న్యూట్రల్ అనుకున్నా. అక్కడి నుంచి గది దాకా యాభై మీటర్ల సన్న వైరు, రెండు తీగలది. త్రీ పిన్ ప్లగ్గే, కానీ మూడో పిన్నుకు ఏ తీగా లేదు.

ఏసీ గుర్రుమని మొత్తుకునేది, ఆగేది, మళ్లీ మొత్తుకునేది. మీటర్ పెడితే 175 ఓల్టులు. చుట్ట చుట్టి ఉన్న వైరు వేడెక్కి ప్లాస్టిక్ వాసన వచ్చేది. గది చల్లబడకపోతే నాకేం తోచిందో తెలుసా? ఏసీ చిన్నదైంది, రెండు టన్నులది కొనాలని!

మిరుగు దాటినంక తొలి వాన పడింది. ఆ సాయంత్రం నాన్న చెప్పులు లేకుండా తడి నేల మీద నడిచొచ్చి తలుపు గొళ్లెం పట్టుకున్నాడు. ఒక్క దెబ్బకు వెనక్కి పడిపోయాడు. మోచేయి పగిలింది. అదృష్టం ఏమంటే విసిరేసింది గానీ పట్టుకోలేదు. నేను ఉరికి ఫ్యూజు పీకేసి వచ్చేసరికి లేచి కూర్చున్నాడు. కాసేపటికి ఒకటే మాట అన్నాడు.

"ముప్పై ఏండ్లు బాయి దిగిన. నీళ్లల్ల, చీకట్ల కేబుళ్ల పక్కకు తిరిగిన. ఒక్కనాడు షాక్ కొట్టలేదురా. కొడుకు కట్టిన డబ్బా దగ్గర కొట్టింది."

నాన్న సింగరేణిలో పనిచేసి రిటైరయ్యాడు. బొగ్గు బాయి లోపల ఎర్త్ లీకేజీ రక్షణ లేకుండా కరెంటు యంత్రాలు నడపకూడదు. కేబుల్‌లో కొంచెం కరెంటు దారి తప్పినా సప్లై దానంతట అదే తెగిపోవాలి. అది నియమం. నేను కట్టిన గదిలో అలాంటిది ఏదీ లేదు.

తర్వాత ఎలక్ట్రీషియన్ వచ్చి చూపించాడు. ఏసీ అదురుకు ఒక తీగ రేకు అంచుకు రాసుకుని తోలు ఊడింది. ఫేజు మొత్తం రేకుకు పాకింది. ట్రాలీ నిలబడేది రబ్బరు టైర్ల మీద. కరెంటు భూమిలోకి పోయే దారి లేదు, కాబట్టి ఎంసీబీ పడలేదు, ఫ్యూజూ పోలేదు. గది గది అంతా కరెంటు నింపుకుని, భూమికి దారి చూపించే మనిషి కోసం ఎదురుచూస్తూ నిలబడింది.

ముందు ఆచ్ఛాదన

మనం పొలంలో ఏం చేస్తాం? నేల ఎండుతోందని ముందే మోటారు పెద్దది పెట్టం. ముందు ఆచ్ఛాదన వేస్తాం. పాలేకర్ గారి పద్ధతిలో మొదట నేర్చుకునే పాఠాల్లో అదొకటి. నేల కప్పుకుంటే నీళ్ల ఖర్చు దానంతట అదే తగ్గుతుంది. మరి గదికి వచ్చేసరికి ఆ పాఠం ఎందుకు మరిచిపోతాం?

నేను వేసుకున్న మోటు లెక్క చెప్తాను. మా గది పైకప్పు, నాలుగు గోడలు కలిపి 324 చదరపు అడుగులు, అంటే దాదాపు 30 చదరపు మీటర్లు. బయట 45 డిగ్రీలు, లోపల 27 కావాలి. తేడా 18 డిగ్రీలు. ఒట్టి రేకైతే నీడలో ఉన్నా సుమారు 3,200 వాట్ల వేడి లోపలికి వస్తుంది. నేరుగా ఎండ పడితే ఇంకా ఎక్కువ. ఒక టన్ను ఏసీ తీసేయగల వేడి దాదాపు 3,500 వాట్లు. అంటే టన్ను ఏసీ మొత్తం రేకు వేడికే సరి. అదే గోడలకు, పైకప్పుకు 50 మిల్లీమీటర్ల పఫ్ షీటు వేస్తే లోపలికి వచ్చే వేడి 250 వాట్ల దగ్గరికి పడిపోతుంది. పన్నెండో వంతు!

దాని పైన మేం పందిరి వేస్తాం. గది పైకప్పుకు అడుగు ఎత్తున వెదురు కట్టి, గ్రీన్ నెట్ పరుస్తాం. మధ్యలో గాలి ఆడాలి, అదే అసలు కిటుకు. వరిగడ్డి నేరుగా రేకు మీద వేయకండి, పక్కన వైర్లున్నాయి, నిప్పు భయం. గదిని మామిడి చెట్టుకు తూర్పున నిలబెడితే పొద్దుగూకే ఎండ తగలదు. దీనికి పైసా ఖర్చు లేదు.

మన తాతలు జాతరలకు పోయిన గూడు బండిని గుర్తు తెచ్చుకోండి. వెదురు తడిక, దాని మీద గడ్డి, ముందూ వెనకా గాలి. వాళ్లు ఎండను లోపలికి రానివ్వలేదు. మనం ఎండను రానిచ్చి, తర్వాత కరెంటుతో బయటికి నెడుతున్నాం.

కరెంటు ఎక్కడి నుంచి తీసుకుంటున్నారు?

రెండో ప్రశ్న ఇది. జైపూర్‌లో 1200 మెగావాట్ల సింగరేణి థర్మల్ ప్లాంటు ఉంది. గోదావరి అవతల రామగుండంలో ఎన్టీపీసీ పాత ప్లాంటు ఒక్కటే 2600 మెగావాట్లు. చుట్టూ ఇంత కరెంటు పుడుతున్నా తోట చివర ఓల్టేజీ వేరే సంగతి. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఎంత దూరం, ఆ లైను మీద ఎన్ని మోటార్లు తిరుగుతున్నాయి, మీ వైరు ఎంత లావు అన్నదే లెక్క.

బోరు కనెక్షన్ నుంచి తీసుకోవద్దు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వస్తోంది. అది మోటారుకు ఇచ్చింది, ఏసీకి కాదు. ఒక పనికి ఇచ్చిన కనెక్షన్‌ను వేరే పనికి వాడితే విద్యుత్ చట్టం 2003లోని 126వ సెక్షన్ కింద రెండింతల టారిఫ్ వేస్తారు. నేను వాడింది తప్పే, ఒప్పుకుంటున్నా. ఇప్పుడు తోటలో వేరే సింగిల్ ఫేజ్ కనెక్షన్, వేరే మీటరు. డబ్బులు తీసుకుని మనుషుల్ని ఉంచితే అది ఇంటి కేటగిరీ కిందికి రాదు, డిస్కం ఆఫీసులో ముందే అడిగి పెట్టించుకోండి.

ట్రాలీని ఇంటి మీటరుకు తగిలించేవాళ్లకు ఒక మాట. గృహజ్యోతిలో నెలకు 200 యూనిట్ల లోపు ఉంటేనే జీరో బిల్లు. రేకు డబ్బాలో పాత టన్నున్నర ఏసీ రాత్రి ఎనిమిది గంటలు నడిస్తే సుమారు 12 యూనిట్లు, నెలకు 360. ఆచ్ఛాదన ఉన్న గదిలో చిన్న ఇన్వర్టర్ ఏసీ రాత్రికి 3 యూనిట్లు, నెలకు 90. ఇంటి వాడకం కూడా కలుపుకుని ఏది నిలుస్తుందో చూసుకోండి.

యూట్యూబ్‌లో అమెరికా ట్రైలర్ల వీడియోలు చూసి కొందరు "అన్నా, 30 ఆంపియర్ల లైను కావాలంట" అని అడుగుతున్నారు. అక్కడి కరెంటు 120 ఓల్టులు. 120ని 30తో గుణిస్తే 3,600 వాట్లు. మన దగ్గర 230 ఓల్టులు, 16 ఆంపియర్ల పవర్ సాకెట్ అంటే 3,680 వాట్లు. వాళ్ల 30 ఆంపియర్ల లైనూ, మన ఇంట్లో గీజర్ సాకెట్టూ దాదాపు ఒకటే! వాళ్ల పైకప్పు ఏసీలు 13,500 లేదా 15,000 బీటీయూ ఉంటాయి, అంటే మన లెక్కలో టన్నుకు కొంచెం ఎక్కువ. అక్కడి ఏసీని సెకండ్ హ్యాండ్‌లో దొరికిందని తెచ్చి నేరుగా ఇక్కడ తగిలించకండి. ఓల్టులూ వేరే, 60 హెర్ట్‌జ్‌ది వేరే.

కాబట్టి మన గదికి సరైన ఒక 16 ఆంపియర్ల లైను చాలు. ఏసీకి వెయ్యి వాట్లు, ఫ్యాను, లైట్లు, చిన్న ఫ్రిజ్ కలిపి రెండు మూడు వందలు. ఇండక్షన్ స్టవ్ ఒక్కటే రెండు వేలు లాగుతుంది, దాని మీద కెటిల్ పెట్టారా, లైను నిండిపోయింది. మేం గ్యాసు మీదే వండుకుంటాం, అదీ గది బయట.

సన్న వైరు, లావు వైరు

మంచిగ పారే బోరుకు సన్న పైపు తగిలిస్తే చివర నీళ్లు ఎట్ల వస్తాయి? కరెంటూ అంతే. యాభై మీటర్ల దూరానికి ఒక చదరపు మిల్లీమీటరు రాగి వైరు వేసి 8 ఆంపియర్లు లాగితే దాదాపు 15 ఓల్టులు దారిలోనే పోతాయి. పోయినవి ఊరికే పోవు, 120 వాట్ల వేడై వైరును కాలుస్తాయి. అదే 4 చదరపు మిల్లీమీటర్లదైతే పోయేది 4 ఓల్టులే. నా రాడ్డు న్యూట్రల్ సంగతి ఇంకా ఘోరం. రాడ్డు దగ్గర భూమి అయిదు ఓమ్‌లు అడ్డుపడ్డా 8 ఆంపియర్లకు 40 ఓల్టులు అక్కడే మాయం. 230లో 55 పోతే 175. నా మీటరు అబద్ధం చెప్పలేదు, నాకే చదవడం రాలేదు.

మూడు కోర్ల రాగి కేబుల్, 4 చదరపు మిల్లీమీటర్లది కొనండి. వాడేటప్పుడు చుట్ట పూర్తిగా విప్పండి. మధ్యలో టేపు జాయింట్లు వద్దు. రేకులోంచి తీగ దూరే ప్రతి రంధ్రానికీ రబ్బరు గ్రొమెట్ వేయించండి. అది లేకనే మా నాన్న కింద పడ్డాడు.

ఎర్త్ లేని గదిలో ఏసీ వద్దు

ఇక్కడ నేను మొహమాటం లేకుండా చెప్తాను. ఎర్త్, ఆర్‌సీసీబీ రెండూ లేని ట్రాలీ గదిలో ఏసీయే కాదు, టేబుల్ ఫ్యాను కూడా పెట్టకండి.

చాలామంది "ఎంసీబీ ఉంది కదా" అంటారు. ఎంసీబీ కాపాడేది వైరును, మనిషిని కాదు. 16 ఆంపియర్ల ఎంసీబీ అంతకు మించి పారితేనే పడుతుంది. మనిషి ప్రాణం తీయడానికి అందులో వెయ్యో వంతు లెక్కల్లోనే చాలు. "రాడ్ కొట్టిన కదా" అనేవాళ్లకు ఇంకో లెక్క. మే నెలలో ఎండిన నేలలో రాడ్డు 50 ఓమ్‌లు చూపించిందనుకోండి. ఫేజు రేకుకు తగిలితే భూమిలోకి పోయేది 4.6 ఆంపియర్లే. ఎంసీబీ కదలదు. గది అట్లనే కరెంటుతో ఉంటుంది.

30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ చూసేది వేరే. ఫేజులో పోయింది న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందా లేదా అన్నదే దాని కాపలా. 0.03 ఆంపియర్ల తేడా వచ్చినా 0.3 సెకను లోపు తెంపేస్తుంది. బాయి లోపల నాన్నను ముప్పై ఏళ్లు కాపాడిన సూత్రం ఇదే, చిన్న డబ్బాలో. ధర ఏసీ ధరలో పదో వంతు కూడా కాదు. ఆర్‌సీసీబీ, రాడ్డు రెండూ ఉంటే తీగ రేకుకు తగిలిన క్షణమే తెగిపోతుంది, మనిషి తాకేదాకా ఆగదు.

మేం చేసేది ఇది. సప్లై నుంచి వచ్చే పచ్చ తీగ నేరుగా ట్రాలీ చాసిస్‌కు నట్టు బోల్టుతో, కింద పెయింటు గీకి బిగించాం. గది ఎక్కడ నిలిపినా మొదట రాడ్ దిగ్గొడతాం, దాని మొదట్లో రెండు బిందెల నీళ్లు పోస్తాం. నెలకోసారి ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ నొక్కుతాం. పడకపోతే ఆ రాత్రి బయట మంచాల మీదే పడుకుంటాం.

జనరేటర్ వాడేవాళ్లకు హెచ్చరిక. చిన్న పెట్రోల్ జనరేటర్లు చాలావాటిలో న్యూట్రల్‌ను ఎర్త్‌కు కలపరు. అట్లాంటప్పుడు ఆర్‌సీసీబీ పని చేస్తుందని గుడ్డిగా నమ్మొద్దు, ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించండి. జనరేటర్‌ను కిటికీ పక్కన పెట్టి నిద్రపోవద్దు, పొగ నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఇగ ఇప్పుడు ఏసీ

ఇంత చేశాక టన్నుల ప్రశ్నకు జవాబు తేలిక. గోడల వేడి, ఇద్దరు ముగ్గురు మనుషుల వేడి, తలుపు తీసి మూసే వేడి, అన్నీ కలిపినా మా గదికి వెయ్యి నుంచి పన్నెండు వందల వాట్లు. 0.8 టన్ను ఏసీ 2,800 వాట్ల వేడి తీసేస్తుంది. అదే ఎక్కువ. నేను పెట్టింది ఒక టన్ను, ఇప్పుడైతే 0.8 కొనేవాణ్ని.

పెద్దది కొంటే మంచిదే కదా అనుకోకండి. పెద్ద ఏసీ గదిని గబగబా చల్లబరిచి ఆగిపోతుంది, గాలిలో తేమ తీయడానికి దానికి టైమే చాలదు. వానాకాలంలో గది చల్లగా, చెమ్మగా తయారవుతుంది. మా లాగ అదే గదిలో దేశీ విత్తనాల డబ్బాలు పెట్టేవాళ్లకు బూజు ఖాయం.

ఇన్వర్టర్ రకమే తీసుకోండి. పాత రకం కంప్రెసర్ లేచేటప్పుడు ఒక్క క్షణం మామూలుకు నాలుగైదు రెట్ల కరెంటు లాగుతుంది, తోట చివరి లైను దాన్ని మోయదు. ఇన్వర్టర్ రకం మెల్లగా లేస్తుంది. రెండు, రెండున్నర కేవీఏ జనరేటర్ మీద కూడా నడుస్తుంది. విండోనా, స్ప్లిట్టా అంటే, తరచూ కదిలే గదికి నా ఓటు విండోకే. మట్టి రోడ్ల అదురుకు స్ప్లిట్ రాగి గొట్టాల జాయింట్లు వదులై గ్యాసు పోతుంది. విండోలో అన్నీ ఒకే డబ్బాలో ఉంటాయి. అయితే బరువు ఎక్కువ, రేకుకు కాదు, ఇనుప ఫ్రేముకు, కింద రబ్బరు దిమ్మె వేసి బిగించాలి. ఏడాదంతా ఒక్కచోటే ఉండే గదికి స్ప్లిట్ బాగుంటుంది.

సోలార్ మీద ఏసీ? పగలు ఫ్యాను, లైట్లు, ఫ్రిజ్‌కు హాయిగా పెట్టుకోండి. పైకప్పు మీద పట్టే ఒక కిలోవాట్ ప్యానెళ్లు మంచి ఎండ రోజు నాలుగు యూనిట్లు ఇస్తాయి, ప్యానెళ్ల నీడ గదికి లాభం. కానీ రాత్రి ఏసీకి మూడు యూనిట్లు దాచాలంటే మామూలు 150 ఏహెచ్ బ్యాటరీలు మూడు నాలుగు కావాలి, ఒక్కోటి యాభై కిలోల పైమాటే. అంత బరువు మోసుకుని తోట తోట తిరగడం నాకైతే సరిపడలేదు.

ఏప్రిల్, మే పొడి గాలికి కూలర్ చాలు అనేవాళ్లు కూడా తప్పు చెప్పట్లేదు. రెండు వందల వాట్ల లోపే. కిటికీ తెరిచి పెట్టాలి, నీళ్లు ఉండాలి, అంతే. వాన మొదలయ్యాక మాత్రం అది పనిచేయదు. కూలర్ కూడా రేకు డబ్బానే, నీళ్లూ కరెంటూ పక్కపక్కనే ఉంటాయి. దానికీ ఎర్త్ తప్పదు.

"ప్రకృతి వ్యవసాయం చేసేటోనికి ఏసీ ఎందుకు?"

ఒక శిక్షణలో ఒక పెద్దాయన నన్ను ఇట్లనే అడిగాడు. నాకు కోపం రాలేదు, ప్రశ్న న్యాయమైనదే. పాప నిద్రపోవాలి, కాపలా ఉన్నవాడు తెల్లారి పని చేయాలి. 45 డిగ్రీల ఎండలో అది విలాసం కాదు. కానీ ఎంత, ఎట్ల అన్నది మన చేతిలో ఉంది.

ఒక యూనిట్ కరెంటు పుట్టాలంటే సుమారు 600 నుంచి 700 గ్రాముల బొగ్గు కాలాలి. నా పాత రేకు డబ్బాకు రాత్రికి 12 యూనిట్లు, అంటే దాదాపు 8 కిలోల బొగ్గు. ఇప్పుడు 3 యూనిట్లు, 2 కిలోలు. ఈ లెక్క నాన్నకు చెప్తే కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆరు కిలోలు ఊరికే కాలబెట్టినవన్నట్టు" అన్నాడు. బొగ్గు ఎట్ల పైకి వస్తదో తెలిసిన మనిషి మాట అది. ఆచ్ఛాదన వేసి మిగిల్చేది కరెంటు బిల్లు ఒక్కటే కాదు.

అందుకని నా వరుస ఇది: నీడ, గోడలకు పఫ్ షీటు, సరైన కనెక్షన్, లావు వైరు, ఎర్త్, ఆర్‌సీసీబీ. ఏసీ ఆఖరుకు. డబ్బులు తక్కువైతే ఏసీని తీసేయండి, ఎర్త్‌ను, ఆర్‌సీసీబీని కాదు. ఏసీ లేకుంటే ఒక సీజన్ చెమటలు పోస్తాయి, గంతే. ఎర్త్ లేకుంటే ఏం పోతుందో నేను చూసి వచ్చాను.

వీడియో చివర టెస్ట్ బటన్ నొక్కుతున్న చెయ్యి మా నాన్నది. ప్రతి నెలా ఒకటో తారీఖు ఆ పని ఎవ్వరికీ ఇవ్వడు. టప్పున పడ్డాకే చెప్పులిప్పి గదిలోకి అడుగు పెడతాడు.